మైనస్ చూపని కాంటా

అక్టోబర్ 21, సోమవారం. జనగామ

ఉర్దూలో రాస్తే నా భార్య రషీదా చదువుతుంది. ఇంగ్లీషులో రాస్తే కూతురు అమ్రీన్ చదువుతుంది. అందుకే తెలుగులో రాస్తున్నాను. మా ఇంట్లో ఆడవాళ్లిద్దరూ తెలుగు గడగడా మాట్లాడతారు కానీ చదవమంటే తలనొప్పి అంటారు. తమ్ముడు షరీఫ్‌కు చదవడం వచ్చు. వాడు పేపర్లో సినిమా పేజీ తప్ప ఇంకేదీ తిరగెయ్యడు కనక భయం లేదు.

డాక్టరు బీపీ చూసి, "కోపం లోపల పెట్టుకోకున్రి సార్, రోజూ ఇంత రాసుకోన్రి" అన్నాడు. నాకేం కోపం లేదు. చుట్టూ ఉన్నవాళ్లే సరిగ్గా లేరు.

ఇవాళ్టి సంగతే చూడు. చాయ్ నోట్లో పోసుకోకముందే ఫోన్. చిట్యాల నుంచి యాకయ్య. పత్తి కొంటాడు, ఎనిమిదేళ్ల కింద మా కంపెనీ కరెంటు కాంటా తీసుకున్నాడు. రైతులు ఇంటి దగ్గర తూచుకొస్తే ఒకటి, ఇతని కాంటా మీద ఒకటి వస్తోందట. బస్తాకు కిలోన్నర దాకా తక్కువట.

"పొద్దుగాల ఓ తీరు సూపెడ్తాంది సార్. కరెంటు పొయ్యొచ్చినంక ఓ తీరు సూపెడ్తాంది. దసరా నుంచి గిదే లొల్లి. జర వచ్చి సూడున్రి, ఊళ్లె ఇజ్జత్ పోతాంది."

ఒక్క ప్రశ్న అడిగాను, పొద్దున స్విచ్ ఎట్లా వేస్తావని. "కొత్త షెడ్డేసిన గద సార్, రోజు దండం బెట్టి ఏస్త" అన్నాడు.

"ముప్పయ్యారేండ్ల సంది మిషన్లు చేస్తున్న యాకయ్యా. నా పేరున్న కాంటా అది, బారీ కాంటా తప్పు చూపది. నువ్వే ఏదో కెలికి ఉంటవు" అని పెట్టేశాను.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ప్రతివాడికీ కాంటా వంకరే. ఒకడు దాని మీద మేకపిల్లను తూస్తాడు. ఒకడు మామిడికాయ తొక్కు జాడీ పెట్టి రాత్రంతా వదిలేస్తాడు. మొన్న రఘునాథపల్లి కిరాణా ఆయన కాంటా విప్పితే లోపల బొద్దింకలు సంసారం చేస్తున్నాయి. వారంటీ అడిగాడు, బొద్దింకలతో సహా.

అక్టోబర్ 22

రాత్రి నిద్ర లేదు. వంకాయ కూర పడలేదు. ఇక మీదట వండొద్దని రషీదాకు చెప్పాను.

అక్టోబర్ 26

షరీఫ్ నా ప్రాణం తీస్తున్నాడు. అమ్మకాలన్నీ వాడే చూస్తాడు. ప్రతి కాంటాతో ఒక కొబ్బరికాయ ఉచితం, వాడు పెట్టిన ఆచారం. పదిహేనేళ్ల నుంచి నడుస్తోంది. సాయిబుల కంపెనీ కొబ్బరికాయలు పంచడమేంట్రా అంటే, "కస్టమర్ ఖుష్ అయితడు భాయ్, కొట్టేది ఆయనే కదా, మనమా?" అంటాడు. ఈ నెల కొబ్బరికాయలకు వేరే గోదాం కావాలట. నేను ఇంజనీరింగ్ చదివింది ఇందుకు!

స్టేషన్ రోడ్డులో టైపు మిషన్లు బాగుచేసే డబ్బాతో మొదలుపెట్టాను. తర్వాత బిల్లు మిషన్లు, తర్వాత కాంటాలు. బోర్డు మీద బారీ బిజినెస్ మెషిన్స్ అని నేనే పెయింటు వేశాను, పెయింటర్ స్పెల్లింగ్ తప్పు రాస్తున్నాడని. ఈ ఇంట్లో ఏ పనైనా సరిగ్గా కావాలంటే నేనే చెయ్యాలి.

అమ్రీన్ మాత్రం కొంచెం నయం. నా కూతురని కాదు. రెండేళ్ల కింద హైదరాబాదులో ఉద్యోగం వదిలి దుకాణానికి వచ్చింది. సొసైటీలకు రెండొందల కాంటాలు సప్లై చేసే టెండరు వేసింది. డిసెంబర్లో తేలుతుంది. వస్తే ఇరవై మందికి పని. కాగితాల్లో ఒకచోట నా సంతకం కావాలంది: 'మా మిషన్ల మీద ఎలాంటి ఫిర్యాదూ లేదు.' పెట్టాను.

యాకయ్య మళ్లీ రెండుసార్లు ఫోన్ చేశాడు. పనిలో ఉన్నాను.

నవంబర్ 4

అన్నం తింటుంటే అమ్రీన్ ఫోన్ నా ముందు పెట్టింది. వీడియో. యాకయ్య షెడ్డు ముందు జనం. ఒక ముసలామె వంగి మన్ను తీసి అతని మొహాన కొట్టింది. కొమురవ్వ అని ఎవరో పిలుస్తున్నారు. "నా రెక్కల కష్టం మింగినవ్ గదరా, నీ ఇల్లు పాడుగాను!" అంటోంది. యాకయ్య తుడుచుకోవడం కూడా లేదు. చేతులు జోడించి, "అవ్వా, నాకేం ఎరుక లేదే, పిల్లల తోడు" అంటున్నాడు. వెనక మా కాంటా. స్టిక్కర్ మీద నా పేరు స్పష్టంగా కనబడుతోంది.

తూనికలు కొలతల ఆఫీసు వాళ్లు వచ్చి కాంటాను పరీక్షించారట. ముద్ర వేసిన ఇరవై కిలోల రాయి పెడితే సరిగ్గా ఇరవై. దాంతో యాకయ్య పని ఇంకా పాడైంది. కాంటా మంచిదే కనక, ఎక్కడో దొంగ స్విచ్ పెట్టాడని ఊరంతా తేల్చేసింది. అతని దగ్గర ఇప్పుడు ఎవరూ తూచడం లేదు.

"చూసినవా, కాంటా కరెక్ట్ అని వాళ్లే చెప్పిండ్రు" అన్నాను.

"పప్పా, ఆయన మొఖం చూసినవా?" అంది. ఇంట్లో దక్కనీలోనే మాట్లాడుకుంటాం, ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను. ఏ భాషలో అన్నా ఆ మాట నాకు నచ్చలేదు.

నవంబర్ 5

బీపీ 170/100. మిషన్ తప్పు చూపుతోందేమో.

నవంబర్ 13

ఈ పిల్ల మొండితనం ఎవరి దగ్గర నేర్చుకుందో! చెప్పాపెట్టకుండా అమ్రీన్ చిట్యాల వెళ్లింది. యాకయ్య ఇంట్లో ఒక రాత్రి పడుకుంది. తెల్లారి, "అన్నా, రోజూ ఏం చేస్తవో అదే చెయ్యి, నేనున్ననని మర్చిపో" అందట.

యాకయ్య స్నానం చేసి వచ్చాడు, దసరాకు కొత్త షెడ్డు వేసినప్పటి నుంచి రోజూ చేసే పూజకు. ఇత్తడి పళ్లెంలో కొబ్బరికాయ, అరటిపండ్లు, ఇన్ని బియ్యం, దీపం. ఆ పళ్లెం తెచ్చి కాంటా మీద పెట్టాడు. అగరుబత్తి తిప్పాడు. దండం పెట్టాడు. అప్పుడు స్విచ్ వేశాడు. వేశాక పళ్లెం తీసి లోపల పెట్టి, మొదటి బస్తా ఎక్కించాడు.

అంతే. ఏ కాంటా అయినా స్విచ్ వెయ్యగానే పైన ఉన్నదాన్ని సున్నా అనుకుంటుంది. పళ్లెం కిలో ఆరొందల గ్రాములు. అది సున్నా అయింది. పళ్లెం తీసేస్తే ఇక ప్రతి బస్తా కిలో ఆరొందలు తక్కువ. మధ్యలో కరెంటు పోయి వస్తే, ఖాళీ కాంటా మీద మళ్లీ సున్నా పడుతుంది కాబట్టి సరిగ్గా చూపుతుంది. ఆఫీసు వాళ్లు కాంటా ఖాళీగా ఉన్నప్పుడు స్విచ్ వేశారు కాబట్టి వాళ్లకూ సరిగ్గానే చూపింది. దొంగా లేడు, దొంగ స్విచ్చూ లేదు. దేవుడికి దండం పెట్టినవాడు దొంగయ్యాడు.

"కానీ పప్పా, పళ్లెం తియ్యంగనే మైనస్ ఒకటి పాయింట్ ఆరు అని రావాలె కదా? అన్ని కంపెనీల కాంటాలకు వస్తది. అది చూస్తే చిన్నపిల్లలకు కూడా తెలుస్తది, ఏదో గడబడ ఉన్నదని. మన దాంట్ల సున్నా వస్తున్నది. మైనస్ రాకుండ ఎవరో ప్రోగ్రాంల ఒక లైను పెట్టిండ్రు. ఎవరు?"

"ఇమ్మానుయేల్" అన్నాను. పాత ప్రోగ్రామర్. పదేళ్ల కింద పని మానేశాడు. ఇప్పుడు మానుకోటలో జిరాక్స్ సెంటర్ నడుపుకుంటున్నాడు. ప్రోగ్రాంలన్నీ అతనే రాసేవాడు. కాబట్టి ఇమ్మానుయేలే.

నవంబర్ 18

షరీఫ్ సలహా: సర్వీసింగ్ అని చెప్పి ఒక్కొక్క కాంటా తెప్పించి, చప్పుడు చెయ్యకుండా చిప్పు మార్చేద్దాం. టెండరు పోదు, పేరు పోదు.

"మరి యాకయ్య చాచా?" అంది అమ్రీన్.

"నాలుగు రోజులైతే జనాలే మర్చిపోతరు బేటా."

నిజానికి వాడి మాటలో తప్పేముంది? కంపెనీ అంటే నేనొక్కణ్ణే కాదు కదా. పద్నాలుగు మంది పనివాళ్లున్నారు, వాళ్ల పిల్లలున్నారు. అసలు పళ్లెం కాంటా మీద పెట్టమని ఎవరు చెప్పారు? కాంటాతో ఇచ్చే పుస్తకంలో రాశాను, నాలుగో పేజీలో, పెద్ద అక్షరాలతో: ఖాళీ కాంటా మీదే స్విచ్ వెయ్యాలి. ఒక్కడైనా చదివితేగా! పుస్తకాన్ని కాంటా కాలు కింద ఎత్తుకు పెడతారు.

ఇమ్మానుయేల్ అట్లాంటి పని ఎందుకు చేశాడో అర్థం కాదు. మంచి పనివాడే. నోరు మాత్రం పెద్దది.

"మానుకోట పోయి అడుగుదాం పాత ప్రోగ్రాం ఏమన్న ఉన్నదా" అంటోంది అమ్రీన్. అక్కర్లేదన్నాను. అక్కర్లేదని రెండుసార్లు అన్నాను.

నవంబర్ 23, శనివారం. రైల్లో, మానుకోట నుంచి వస్తూ

ఒక్కణ్ణే వెళ్లాను. అమ్రీన్ ఎట్లాగూ వెళుతుంది, ఆమె కంటే ముందు నేను వెళ్లడం మేలనుకున్నాను.

ఇమ్మానుయేల్ జుట్టు తెల్లబడింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. స్టూల్ తుడిచి వేశాడు. ఆధార్ కాగితాల కోసం వచ్చిన వాళ్లను కాసేపు ఆగమన్నాడు. చాయ్ తెప్పించాడు. నేను ఇంకా నోరు తెరవలేదు.

"చిట్యాల వీడియో సూసిన సార్" అన్నాడు. "మీరు వస్తరనుకున్న."

లోపలికి వెళ్లి బైబిలు పక్కనున్న ఫైలు తెచ్చాడు. అందులోంచి ఒక కాగితం తీశాడు. మా పాత లెటర్‌హెడ్. 2013. 'బరువు సున్నా కంటే తక్కువైతే తెరపై 0.00 అని మాత్రమే చూపవలెను.' కింద ఆకుపచ్చ సిరాతో సంతకం. మా దుకాణంలో ఆకుపచ్చ సిరా వాడేది ఒక్కడే.

"పొద్దుగాల పొద్దుగాల మైనస్ కనవడితే బోణీ ఖరాబైతదని దుకాణపోళ్లు అంటున్నరని షరీఫన్న వచ్చి చెప్పిండు. తీసెయ్యమన్నరు మీరు. నేను వద్దన్న సార్. మైనస్ వస్తె కాంటా ఆగిపోయి మొత్తుకోవాలె గని, మంచిగున్నట్టు నటించొద్దన్న. 'చెప్పింది చెయ్యి' అన్నరు. రాసియ్యమన్న. కోపానికొచ్చి రాసిచ్చిండ్రు." చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. "దాచి పెట్టింది మీ మీద పగతోటి కాదు సార్. నా మీదికి రావద్దని. నాకు ఇద్దరు పిల్లలు."

నాకు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. ఇంత సౌమ్యంగా మాట్లాడితే మనిషి ఏం చేస్తాడు? తిడితే తిట్టొచ్చు. చాయ్ డబ్బులు ఇవ్వబోతే అవి కూడా తీసుకోలేదు. కాగితం జిరాక్స్ తీసి నాకిచ్చాడు, అసలుది ఫైల్లో పెట్టుకున్నాడు. నేను నేర్పిన పద్ధతే.

నవంబర్ 24

అమ్రీన్‌కు కాగితం చూపించాను. చదివింది, మడిచి తిరిగి ఇచ్చింది. తిడితే బాగుండేది.

నవంబర్ 28

ఇల్లు ఇల్లులా లేదు. ఊరికి నిజం చెప్పాల్సిందేనని అమ్రీన్ వాడితో అన్నదట, షరీఫ్ అలిగి రెండు రోజులు రాలేదు. ఇవాళ వచ్చి అరిచాడు, "బోణీ అన్నది నేనే, ఒప్పుకుంటున్న. కానీ సంతకం నీదే భాయ్. ఇప్పుడు అందర్ల నిలబడి చెప్తే మిగతా ఊర్ల వాళ్లు ఊకుంటరా? బయ్యారం నుంచి భూపాలపల్లి దాకా మన కాంటాలే. అందరు మన మీద పడ్తరు." రషీదా మధ్యలో వచ్చి, "మీ ఇద్దరి మధ్య కాంటా పెట్టి తూస్తా, ఎవరి నోరు ఎక్కువో తెలుస్తది" అంది. నవ్వు రాలేదు ఎవరికీ.

మధ్యాహ్నం అమ్రీన్ నా టేబుల్ మీద ఒక ఉత్తరం పెట్టింది. టెండరు వెనక్కి తీసుకుంటున్నామని. సంతకం ఆమెదే. పంపేసిందట కూడా. రెండేళ్ల కష్టం.

"నన్ను అడగవా?" అన్నాను.

"ఫిర్యాదులు లేవని నువ్వు సంతకం పెట్టినవ్ కదా పప్పా. ఫిర్యాదు ఉన్నది. అడిగేదేమున్నది?" అంది. తర్వాత చెప్పింది, యాకయ్య భార్య పిల్లల్ని తీసుకుని తల్లిగారింటికి వెళ్లిపోయిందని. బడిలో పిల్లల్ని కాంటా దొంగ పిల్లలంటున్నారట.

ఆదివారం చిట్యాల వెళుతున్నాను. తిట్టేవాళ్లు తిట్టనీ. మన్ను కొడితే కొట్టనీ. ఈ ఇంట్లో ఈ మౌనం కంటే అదే నయం.

డిసెంబర్ 1, ఆదివారం

అమ్రీన్ కారు నడిపింది. యాకయ్య షెడ్డు ముందు ముప్పై నలభై మంది పోగయ్యారు. చెప్పాను. దాచకుండా చెప్పాను. కాంటా మీద పళ్లెం పెట్టడం, సున్నా, మైనస్, నా సంతకం. యాకయ్య తప్పు ఆవగింజంత కూడా లేదు, తప్పు నాది అన్నాను.

వెనకనుంచి ఒకడు, "ఎంతిచ్చిండు సార్ యాకయ్య, గిట్ల చెప్పుమని?" అన్నాడు. నవ్వులు.

తోబా! ముప్పయ్యారేళ్లు మా కాంటా మంచిదని చెబితే నమ్మారు. ఒక్కసారి చెడ్డదని చెబితే నమ్మరు! "తప్పు నాదిరా నాయనా అంటే నమ్మరేంది? అరవై మూడేండ్ల ముసలోణ్ణి, ఇంత దూరమొచ్చి మీకు అబద్ధమాడ్తనా?" అని అరిచాను. అమ్రీన్ నీళ్లిచ్చింది.

అప్పుడు కొమురవ్వ ముందుకొచ్చింది. వీడియోలో కనిపించిన దానికంటే ఇంకా చిన్న మనిషి. "ఆగుండ్రి. బస్తాలు వద్దు, రాళ్లు వద్దు. నేనెక్కుత" అంది.

ఖాళీ కాంటాకు స్విచ్ వేశాం. ఎక్కింది. నలభై ఒకటి పాయింట్ రెండు. దిగింది. స్విచ్ ఆపేశాం. "ఇగ నువ్వు పొద్దుగాల జేసినట్టే చెయ్యి" అంది యాకయ్యతో. నెలన్నరలో ఆమె అతనితో తిట్టకుండా మాట్లాడింది అప్పుడేనట. అతను పళ్లెం తెచ్చాడు. కొబ్బరికాయ దొర్లుతుంటే అమ్రీన్ పట్టుకుంది. దండం పెట్టాడు, స్విచ్ వేశాడు, పళ్లెం తీశాడు. తెర మీద 0.00. ఎంత శుభ్రంగా, ఎంత అమాయకంగా ఉందో ఆ సున్నా.

కొమురవ్వ ఎక్కింది. ముప్పై తొమ్మిది పాయింట్ ఆరు.

ఒక పిల్లవాడు పైకి చదివాడు. ఆమె దిగి మళ్లీ ఎక్కింది. అదే. "గింతల్నే బక్కగైననా?" అంది. ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు. ఆమె కాంటా దిగి యాకయ్య దగ్గరికి వెళ్లి, కొంగుతో అతని మొహం తుడిచింది, అక్కడ ఇప్పుడు మన్ను లేకపోయినా. "నా నోరు పడిపోను. నీ ఇల్లు పాడుగాను అంటిని గద బిడ్డా" అంది.

జనం మెల్లగా కదిలారు. కొందరు పోయిన పత్తి సంగతేందని అమ్రీన్‌ను అడిగారు. ప్రతి ఒక్కరికీ కంపెనీయే జవాబు చెబుతుందని, అన్ని ఊళ్లలో కాంటాలు మారుస్తామని, ఆఫీసుకు తానే రాసిస్తానని చెప్పింది. నన్ను అడగలేదు. నేనూ అడ్డం పోలేదు.

యాకయ్య సంతోషపడతాడనుకున్నాను. తిడతాడని కూడా అనుకున్నాను. రెండూ కాదు. నా పక్కన నులక మంచం మీద కూర్చున్నాడు.

"ఇంటిదాన్ని సుత నమ్మియ్యలేకపోయిన సార్. 'నాకన్న చెప్పు, ఏడ పెట్టినవ్ స్విచ్చు' అన్నది. పిల్లల మీద ఒట్టేసిన, నమ్మలే. ఆఖర్కి నాకే నా మీద అనుమానమొచ్చింది. నాకు తెల్వకుంట నేనే ఏమన్న చేస్తన్ననా అని, కాంటాను ఇప్పి సూసిన రెండుసార్లు."

నేను కాంటా స్టిక్కర్ మీద నా పేరే చూస్తున్నాను.

"మీరైతె ఏం జేస్తరు సార్. తెల్వంది ఎట్ల చెప్తరు? తెల్వంగనే వచ్చిండ్రు. పెద్దమనిషి గనక వచ్చిండ్రు" అని నా చెయ్యి పట్టుకున్నాడు.

పరకాల దాటాక అమ్రీన్ అడిగింది, "ఎప్పుడు తెలిసింది పప్పా నీకు? ఆ లైను నువ్వే పెట్టించినవని?"

"మానుకోటలో. కాగితం చూశాకే గుర్తొచ్చింది" అన్నాను.

"అవును, పదకొండేండ్లయింది కదా. ఎవరికి గుర్తుంటది" అంది. చాలా రోజుల తర్వాత నా భుజం మీద చెయ్యి వేసింది.

డిసెంబర్ 2, పొద్దున

నమ్మింది. యాకయ్య నిజం చెబితే కట్టుకున్నది నమ్మలేదు. నేను అబద్ధం చెబితే నా బిడ్డ నమ్మింది.

వంకాయ కూరా కాదు, బీపీ మిషనూ కాదు. అక్టోబర్ ఇరవై ఒకటిన, 'దండం బెట్టి ఏస్త సార్' అని యాకయ్య అన్నప్పుడే నాకు అంతా తెలిసింది. పళ్లెం కళ్లకు కట్టింది, ఆ లైను కళ్లకు కట్టింది, నా సంతకం కూడా. అందుకే ఫోన్ పెట్టేశాను. నెలన్నర అతన్ని మన్ను తిననిచ్చాను. ఎవరూ చదవరని తెలుగులో రాసుకున్న ఈ పుస్తకంలో కూడా ఆ ఒక్క ముక్క రాయలేదు.

కింద దుకాణం షట్టరు లేపిన చప్పుడైంది. అమ్రీనే. పోయి చెప్పాలి.